వ్యావహారిక వివాదమున వాదదోషములు

బహిరంగసభలలో వాదము చెడినదనియు, పూర్వము పెద్దలు యుక్తికి యుక్తి చెప్పుకొనెడివారనియు, నేడు నిందయే హేతువుగా చెల్లుచున్నదనియు ఎన్నికలు వచ్చినప్పుడెల్ల వినుచున్నాము. మా కొత్తవలస స్టేషనులో రైలుకొఱకు కనిపెట్టుకొనియుండు పెద్దలు దీనిని సిద్ధాంతముగనే చెప్పుదురు. ఈ సిద్ధాంతమును పరీక్షించుటకు దూరము పోనక్కఱలేదు. కొత్తవలస కొకవైపున విజయనగరము, ఇంకొకవైపున విశాఖపట్టణము. నూఱేండ్లకు పైబడిన యొక మహావాదము ఈ రెండు పట్టణములందును, ఉత్తరమున పర్లాకిమిడియందును రాజుకొని, పిమ్మట ఆంధ్రదేశమంతట అలముకొన్నది. అదియే గ్రాంథిక వ్యావహారిక వివాదము. ఆ వాదమున పాల్గొన్నవారందఱును పండితులు. కావున పూర్వుల వాదము మనవాదముకంటె మేలైనదో కాదో తెలిసికొనుటకు ఇంతకంటె మంచి నిదర్శనము దొరకదు.

ఏటేట ఆగస్టు 29వ తేదీని గిడుగువారి జన్మదినమును తెలుగుభాషాదినోత్సవముగా పాఠశాలలలో జరుపుచున్నాము. ఆనాడు మేమును వేదిక యెక్కి, ఒకవైపున వెలుగు, ఒకవైపున చీకటి యన్నట్లు ఈ కథను చెప్పుచుందుము. గెలిచినవారి పక్షమున మాటలాడుట సులభము. ఓడినవారేమనిరో, వారి మాటలలో ఏది పొల్లు, ఏది గింజయో పిల్లల కెవ్వరును చెప్పరు. మేము సంస్కర్తల పక్షము వారమే. అయినను ఈ వ్యాసమును గ్రాంథికమున వ్రాయుట చూచి చదువరులు నవ్వవచ్చును. అది మాకు సంస్కృతము చెప్పిన గురువుల చేతిక్రింద పడిన యలవాటు. దానిని సిద్ధాంతముగా ఎంచవలదని ప్రార్థన.

కథ సంగ్రహముగా నిది. 1907 ప్రాంతమున జె. ఏ. యేట్సను ఆంగ్లేయుడు ఈ ప్రాంతమున స్కూళ్ల ఇన్‌స్పెక్టరుగా నుండి, తెలుగు నేర్చుకొనుచు, జనులు మాటలాడు తెలుగునకును పిల్లలు చదువు తెలుగునకును ఇంత యంతరమేలయని అడిగెను. ఆ ప్రశ్నకు బదులు చెప్ప బూనినవారు ముగ్గురు: విశాఖపట్టణమున ఏ.వి.ఎన్. కాలేజీ ప్రిన్సిపాలు పి. టి. శ్రీనివాస అయ్యంగారు, విజయనగరమున గురజాడ అప్పారావుగారు, పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తిగారు. తుదియిరువురును విజయనగరమున సహాధ్యాయులు. పాఠపుస్తకములు శిష్టవ్యావహారికమున నుండవలెనని వీరి పక్షము. 1911లో జయంతి రామయ్యపంతులుగారు ముందునిలువ ఆంధ్రసాహిత్యపరిషత్తు వెలసి, గ్రాంథికపక్షమునకు కోటయైనది. వావిలికొలను సుబ్బారావుగారు, వేదము వేంకటరాయశాస్త్రిగారు మున్నగు ఉద్దండులు ఆ పక్షమున నిలిచిరి. 1912-13లో స్కూలుఫైనలు విద్యార్థులు వ్యాసమును ఏ భాషలోనైనను వ్రాయవచ్చునని బోర్డు ఉత్తరువు పంపగా అలజడి మిన్నుముట్టెను. 1914లో మదరాసు విశ్వవిద్యాలయపు ఉపసంఘము గ్రాంథికమునకే ఒగ్గినది. గురజాడవారు తమ యసమ్మతిపత్రమును వేఱుగా సమర్పించిరి. మఱుసటియేడు నవంబరు 30వ తేదీన ఆయన గతించిరి.

ఇక వాదపరీక్షకు వత్తము. గౌతముని న్యాయశాస్త్రము మాటల పోరును మూడుగా విభజించినది. తత్త్వము తెలియగోరి చేయునది వాదము. గెలుపు గోరి చేయునది జల్పము. తనకొక పక్షమే లేక ఎదుటివానిని పడగొట్టుటకై చేయునది వితండ. ఛలములు మూడు, జాతు లిరువదినాలుగు, నిగ్రహస్థానము లిరువదిరెండు అని యాతడు దోషములకు పట్టిక కూడ వేసినాడు. ఆంగ్లదేశమున బెంతాము అను నతడు రాజకీయవాదములలోని కుయుక్తులను ప్రోగుచేసిన గ్రంథము 1824లో వెలువడినది. పూర్వులు మనకంటె తెలివిగలవారు గదా యనుట, ఇది ముందెన్నడును లేదనుట, దీని తరువాత నేమి యుపద్రవము వచ్చునో యని బెదరించుట, ఇప్పుడు తరుణము కాదనుట యని ఆయన మార్పును వ్యతిరేకించువారి యుక్తులను చక్కగా పట్టిచ్చినాడు. బెంతాము సంస్కర్త, మార్పు గోరువారి కుయుక్తులను ఎత్తిచూపుటయందు అతని కంత యుత్సాహము లేదు. ఆ విషయమున గౌతముడే నిష్పక్షపాతి.

గ్రాంథికపక్షమువారి దోషములలో మొదటిది శుద్ధమైన వాక్ఛలము. కొత్తకంబళి కప్పుకొన్నవానిని నవకంబళుడనగా, వీనికి తొమ్మిది కంబళు లెక్కడివని యడుగుట వాక్ఛలమునకు శాస్త్రములోని ఉదాహరణము. మన పండితులు నిత్యవ్యవహారభాషకు గ్రామ్యమని పేరుపెట్టిరి. ఆ మాటకు రెండర్థములు: ఊరిలోనిది యని యొకటి, అలంకారశాస్త్రమున సభలో పలుకరాని మోటుమాట యని యొకటి. మొదటి యర్థమున పేరుపెట్టి, రెండవ యర్థమున నిందించిరి. ఇంటిలో ఈ పండితులు తమ తల్లులతోను బిడ్డలతోను మాటలాడునది ఆ భాషయే. అది సభ్యమో యసభ్యమో వారెఱుగరా?

రెండవది, ఈ యాలోచన పుట్టిన చోటును బట్టి దానిని త్రోసివేయుట. యేట్సు తెల్లవాడు, పరమతస్థుడు; అతనికి మన సరస్వతితో నేమిపని యని సభలలో అనిరి. ప్రశ్న యెవరు వేసిరన్నది ప్రశ్నకు జవాబు కాదు. దీనికి సమానమైన వృత్తాంతము గ్రీసుదేశమున ఇంతకు కొలదియేండ్ల ముందే జరిగినది. 1901లో ఆథెన్సునగరమున ఒక పత్రిక క్రైస్తవసువార్తను వాడుక గ్రీకున ప్రకటింపగా, ఇది రష్యావారి కుట్రయని పుకారు లేచి, విద్యార్థులు వీధులకెక్కిరి, కాల్పులలో ఎనిమిదిమంది మరణించిరి, మంత్రివర్గము దిగిపోయెను. ఆ దేశమున వాడుకభాష రాజభాషయగుటకు 1976 వఱకు పట్టినది. మనవారు కలములతోను ఉపన్యాసములతోను సరిపుచ్చుకొనిరి. ఈ యొక్క విషయమున మన పూర్వులను మెచ్చుకొనవలసినదే.

మూడవది అన్నిటికంటె పెద్దది. గిడుగువారు కోరినది శిష్టుల వ్యావహారికము. అనగా చదువుకొన్నవారు తమలో తాము మాటలాడుకొను భాష. ఎదుటివారు ఖండించినది పల్లెకొక తీరుగా కులమున కొక తీరుగా నుండు మాట. ఆయన యనని దానిని ఆయన నోట పెట్టి ఖండించిరి. బొమ్మను నిలిపి బొమ్మను కొట్టిరి. ఈ విద్యలో నేటి వక్తలు పూర్వులకు శిష్యులే గాని గురువులు కారు.

సంస్కర్తల వైపు చూతము. గిడుగువారి ప్రసిద్ధాయుధ మొకటి కలదు. గ్రాంథికము వ్రాయవలెనని శాసించు పండితుల పుస్తకములనే తీసికొని, చిన్నయసూరి బాలవ్యాకరణము ప్రకారము వారు చేసిన తప్పులను పుటసంఖ్యలతో సహా సభలలో చదివి వినిపించెడివారు. సభలు నవ్వెడివి, పండితులు ముడుచుకొనెడివారు. గౌతముని పట్టికలో మతానుజ్ఞ యను నిగ్రహస్థానమున్నది. తనపై మోపిన దోషమును తొలగింపక, అది నీయందును గలదనుట మతానుజ్ఞ. నీవు దొంగవనగా నీవును దొంగవే యన్నవాడు తాను దొంగనని యొప్పుకొన్నట్లేగదా. పండితులును, నేటికిని కొందఱు వారి పక్షమువారును, గిడుగువారిపై ఈ యపవాదమునే మోపుదురు.

మేము చాలకాలము ఆ యపవాదము సరియనియే తలచితిమి. పిమ్మట నింకొకమాఱు ఆలోచింపగా అట్లు కాదని తోచినది. పండితుల ప్రతిజ్ఞ యేమి? ఈ భాష నేర్చినవారి కెల్ల సాధ్యము, బడిపిల్లలకును సాధ్యము అని. ఆ ప్రతిజ్ఞకు సాక్ష్యము పండితులే. జీవితమంతయు దానికే ధారపోసినవారికి సాధ్యము కానిది పదునైదేండ్ల బాలునికెట్లు సాధ్యమగును? కావున అది నీవును తప్పుచేసితివను నింద కాదు, నీ ప్రతిజ్ఞ నీయందే భంగమైనదను నిరూపణము. నిందకును సాక్ష్యమునకును రూపమొక్కటియైనను ఫలము వేఱు. అయితే గిడుగువారు ఆ నిరూపణమును ఒకటి రెండు దృష్టాంతములతో ముగించి యుండిన బాగుండెడిది. ఏండ్లతరబడి, సభ వెంబడి సభగా, పేరుపేరున చదువుటవలన సాక్ష్యము మరల నిందయైనది. నవ్వినవారు చాలమందియే కాని, నవ్వించుకొన్న పండితులలో ఎందఱు పక్షము మాఱిరో మాకు సందేహము. పక్షము మాఱిన మహనీయుడు కందుకూరి వీరేశలింగముపంతులుగారు. 1919లో వర్తమానాంధ్రభాషాప్రవర్తకసమాజమునకు అధ్యక్షులై, ఆ యేడే గతించిరి.

సంస్కర్తల రెండవదోషము ప్రజలపేరు చెప్పుట. ప్రజ లిట్లు కోరుచున్నారని యిరుపక్షములును వ్రాసినవి. నాడు తెలుగుదేశమున చదువను వ్రాయను వచ్చినవారే కొలదిమంది. సంస్కరణమును నమ్మినవాడే సంస్కర్తల యుపన్యాసములలోని డొల్లతనమును కనిపెట్టగలడనుటకు గురజాడవారి గిరీశమే సాక్షి. పూనాలో తానిచ్చిన ఉపన్యాసమును చెప్పుకొనుచు ఆతడు పోవు పోకడలు 1897 నాటి కన్యాశుల్కమున చదివినవారికి, వితంతువివాహమును సమర్థించు ప్రతివాడును వితంతువు మేలు గోరినవాడు కాడని తెలియును.

ఒక విచిత్రమును చెప్పవలసియున్నది. తెలుగుపిల్లలు ఏ తెలుగు వ్రాయవలెనను ఈ వాదము ముఖ్యపత్రములు ఆంగ్లమున నున్నవి. 1913లో రామయ్యపంతులుగారు వ్రాసినది ఎ డిఫెన్స్ ఆఫ్ లిటరరీ తెలుగు. ఆ యేడే గిడుగువారు వ్రాసినది ఎ మెమొరాండమ్ ఆన్ మోడర్న్ తెలుగు. గురజాడవారి యసమ్మతిపత్రమును ఆంగ్లమే. ఏలయన తీర్పుచెప్పువాడు విశ్వవిద్యాలయము, దాని వెనుక ప్రభుత్వము. ఇరువురు తెలుగువారు ఒకరితో నొకరు మాటలాడక, ఇరువురును మూడవవాని మొగము చూచి మాటలాడిరి. మధ్యస్థుని మెప్పు గోరి చేసిన మాట వాదమెట్లగును? అది జల్పమే. తీర్పు తనకనుకూలమైనప్పుడు పరిషత్తువారు జయము చెప్పుకొనిరి. గిడుగువారు తెలుగు అను మాసపత్రికను పెట్టి తెలుగున వాదించుట ఈ తీర్పునకు తరువాతి మాట. ఆ పని ముందే జరిగియుండిన ఈ కలహమునకు ఇంత విషమెక్కియుండెడిది కాదేమో.

ఇంతకును రామయ్యపంతులుగారి వాదమున గింజ యేదియు లేదా? ఉన్నది. గ్రాంథికము ఎవ్వరి యింటిభాషయు కాదు. కావుననే గంజామువానికిని బళ్లారివానికిని సమానదూరమున నున్నది. వ్యావహారికమనినచో ఎవరి వ్యావహారికము? ఒక సీమవారి మాట శిష్టమని తీర్మానించిన మఱియొక సీమవారి మాట యేమగును? 1913లోనే బాపట్లయందు బయ్యా నరసింహేశ్వరశర్మగారి యధ్యక్షతను ప్రథమాంధ్రమహాసభ జరిగినది. ఆంధ్రులెల్ల నొకటి కావలెనని తలచు కాలమున ఆ ప్రశ్న చిన్నది కాదు. సంస్కర్తలు శిష్టభాష తనంత తానే స్థిరపడునని బదులు చెప్పిరి. స్థిరపడినమాట నిజమే, కృష్ణాగోదావరీమండలముల మాట శిష్టమై కూర్చున్నది. తెలంగాణమువారి మాటను సినిమాలలో వెటకారమునకు వాడినారన్నది ఆ ప్రాంతీయుల చిరకాలఫిర్యాదు. 2014లో రాష్ట్రము వేఱగుటకు ముందు జరిగిన యుద్యమమున అదియు నొక మాట. మా ఉత్తరాంధ్రము మాటయు హాస్యపాత్రల నోటనే చాలకాలము వినబడినది. పంతులుగారు దీనినంతయు ముందే చూచిరని మేమనము. ఆయన కారణము వేఱు. కాని ఆయన వేసిన ప్రశ్నను నవ్వులో ముంచివేసి జవాబు చెప్పకుండుట సంస్కర్తల యప్పు. దానిని మేము నేటికిని తీర్చుచున్నాము.

కొన్నియేండ్ల క్రింద మేము పనిచేసిన పాఠశాలలో వక్తృత్వపుపోటీ జరిగినది. గ్రామమునకు చెఱువు ముఖ్యమా, రోడ్డు ముఖ్యమా యన్నది విషయము. ఒక బాలుడు చెఱువు పక్షమున, నీరెక్కడినుండి వచ్చునో, ఏ పొలమునకు ఎన్నిదినములు పాఱునో లెక్కతో చెప్పుచు, నడుమ నొకచోట 'గుంటడు' అనియు, 'ఎల్లిపోనాడు' అనియు ఇంటిమాట పలికెను. సభ గొల్లుమన్నది. బాలుడు ఆగిపోయి, మిగిలిన లెక్కను మఱచి దిగివచ్చెను. రోడ్డు పక్షమువాడు తెలివిగా నాలుగు పెద్దమాటలు చెప్పి బహుమతి కొనిపోయెను. భాషాశుద్ధి యను శీర్షికక్రింద పదిమార్కులుండగా ఆ చెఱువు బాలునికి రెండు వేసినది మేమే. వాని యుక్తులలో దోషము లేదు. ఎదుటివాని మాటలలో యుక్తియే లేదు. గిడుగువారి జన్మదినమున ఉపన్యసించు నోటితోనే, అదే నెలలో, మేము పరిషత్తువారి తీర్పు చెప్పితిమి. కాని పరిషత్తువారి విద్యయు మాకు లేదు.

విద్య యను మాట ఊరక వ్రాయలేదు. ఈ కలహమున నిరుపక్షముల నాయకులును శాసనపరిశోధకులు. గిడుగువారు ముఖలింగము శాసనములను తమంతతాము చదువ నేర్చినవారు. సవరల భాషను నేర్చి దానికి వ్యాకరణనిఘంటువులు కూర్చినవారు. రామయ్యపంతులుగారు తెలుగుశాసనములను పరిష్కరించినవారు. పరిషత్తు తాళపత్రగ్రంథములను చెదలనోట పడకుండ కాపాడినది. పిఠాపురము రాజావారి పోషణమున కూర్చిన సూర్యరాయాంధ్రనిఘంటువు మొదటి సంపుటము 1936లో వెలువడినది. వ్యావహారికము వ్రాయువారును మాట సందేహమైనచో నేడు తెఱచునది ఆ నిఘంటువునే. ఓడినవారు వాదమున తప్పులు చేసిరి, పనిలో చేయలేదు. ఒకరి వాదమున దోషముండుటచే వారి పక్షమంతయు దోషమనుట మఱియొక హేత్వాభాసము.

మఱుసటియేటి పోటీకి ముందు మేము భాషాశుద్ధి శీర్షికను కొట్టివేయవలెనని ఉపాధ్యాయుల సమావేశమున ప్రతిపాదించితిమి. మా సహోద్యోగి యొకరు, మంచివారు, తెలుగు బాగుగ నెఱిగినవారు, అడిగినారు: "అయితే మాస్టారూ, పరీక్షలో ఈ పిల్లవాడు ఎల్లిపోనాడు అని వ్రాస్తే దిద్దుతారా, దిద్దరా?" 1913లో రామయ్యపంతులుగారు వేసిన ప్రశ్న అదియే. మేము దిద్దుదుమనియు చెప్పలేకపోతిమి, దిద్దమనియు చెప్పలేకపోతిమి. సుమారు గంటసేపు మాటలాడుకొంటిమి. ఒకరిపై నొకరు గొంతెత్తలేదు. తుదకు ఆ శీర్షికకు పదిమార్కులు తీసి మూడు చేసి, ఏడింటిని యుక్తికి కలిపినాము. చెఱువు బాలుడు అప్పటికి బడి మాఱినాడు.