గుట్టమీది థైమ్, కుండీలోని థైమ్

కుండీ నిండా పేడ ఎరువు వేసి రోజూ నీళ్లు పోస్తే థైమ్ అనే వాసన మొక్క ఎక్కువకాలం బతకదు, వేరు కుళ్లిపోతుంది. కారణం దాని పుట్టింట్లో ఉంది. స్పెయిన్ నుంచి ఇటలీ దాకా పరుచుకున్న సున్నపురాతి గుట్టలు ఆ పుట్టిల్లు. మట్టి పలచన, నీరు నిలవదు, ఎండాకాలంలో చినుకు అరుదు. అంచులు మడుచుకున్న చిన్న ఆకు, దాని అడుగున నూగు, కట్టెబారిన మొదలు, అన్నీ ఆ ఎద్దడికి తట్టుకోవడానికే. 1753లో వృక్షశాస్త్రవేత్త లినేయస్ ‘తైమస్ వల్గారిస్’ అని పేరు పెట్టింది ఈ మొక్కకే. పుట్టిల్లు అలాంటిది కాబట్టే ఇంటితోటలో థైమ్ పెంచాలంటే ముందు ఆ గుట్ట నేలను కుండీలోకి తేవాలంటాను.

నేల ఎంత పేదదైతే వాసన అంత ఘాటని కొందరంటారు. అది సగమే నిజం. ఫ్రాన్స్‌లో మోంపెల్యే దగ్గర సేంట్ మార్టిన్ ద లోండ్ర అనే లోయ ఉంది. చలికాలంలో చల్లగాలి దిగి అక్కడే నిలుస్తుంది. ఆ లోయలోని థైమ్‌లో థైమాల్, కార్వక్రాల్ అనే ఘాటైన వాసన పదార్థాలున్న రకాలు తక్కువ, వెలుపలి వెచ్చని వాలుల్లో అవే ఎక్కువ. ఘాటు రకాలు గడ్డకట్టే చలికి చనిపోతాయి. 1970ల తరువాత అంతటి చలి తగ్గింది. అప్పటి లెక్కలతో పోల్చి చూస్తే లోయలోకీ ఘాటు రకాలు పాకినట్టు తేలింది. వాసన ఏ రకమో వారసత్వం నిర్ణయిస్తుందన్నమాట. నేల చేసేది మొక్కను బతికించడం. కాబట్టి గింజలు చల్లితే ఏ వాసన వస్తుందో చెప్పలేం. నచ్చిన మొక్క కొమ్మ నాటుకోవడమే నికరం.

వాము ఉండగా ఇదెందుకని తెలుగు పాఠకులు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. 1719లో రసాయనవేత్త కాస్పర్ నాయ్‌మన్ థైమ్ నూనె నుంచి వేరుచేసిన థైమాలే వాము నూనెలోనూ ప్రధానం. అయితే వాము కొత్తిమీర కుటుంబపు ఏకవార్షికం, కర్నూలు నల్లరేగడిలో తేమను పట్టుకొని పండుతుంది. తులసి కుటుంబానికి చెందిన థైమ్ బహువార్షికం, నిలిచిన తేమే దానికి ప్రాణాంతకం. ఆకు నలిపితే వాము గుర్తొస్తుంది కదా అని వాముకు చేసినట్టే దీనికీ చేస్తే దక్కదు. పైగా పుట్టింట్లో వాన చలికాలానిది, మనకు ఉక్కపోతలో కురుస్తుంది. కుండీ మట్టిలో సగానికి ముతక ఇసుక, కంకర కలిపి, వానాకాలంలో చూరు కింద పెట్టి, మట్టి పైపొర ఎండాకే నీళ్లు పోయాలి. కొమ్మలు అక్టోబరు, నవంబరులో నాటితే ఎండలు ముదిరేలోగా వేరు నిలదొక్కుకుంటుంది.