స్పానిష్ ఆత్మార్థక క్రియ: అసంపూర్ణ భూతకాల రూపాల చరిత్ర

'చిన్నప్పుడు బావి దగ్గర కాళ్ళు కడుక్కొనేవాణ్ణి' అనే వాక్యాన్ని గమనించండి. పని ఫలితం చేసినవాడికే చెందుతుందని 'కొను' తెలుపుతుంది. ఆ పని గతంలో అలవాటుగా జరిగేదనీ, చేసింది 'నేను' అనీ చివరి భాగం తెలుపుతుంది. స్పానిష్‌లో ఇదే అర్థాన్ని 'మె లవాబ' అనే రెండు మాటలు ఇస్తాయి. 'లవార్' అంటే కడుగు, 'లవార్సె' అంటే కడుక్కొను. దీని రూపాలను కంఠస్థం చేసే ముందు అవి ఎలా ఏర్పడ్డాయో తెలుసుకొందాం.

స్పానిష్ భాష లాటిన్ నుంచి పుట్టింది. లాటిన్‌లో ఈ కాలపు ఏకవచన రూపాలు మూడు: లవాబమ్ (నేను), లవాబాస్ (నువ్వు), లవాబత్ (అతడు, ఆమె). జనం వాడుకలో పదాంతంలోని 'మ్', 'త్' లోపించాయి. ఫలితంగా నేను, అతడు అనే రెండింటికీ 'లవాబ' అనే ఒక్క రూపమే మిగిలింది. ఆత్మార్థక క్రియలో మాత్రం ఈ తికమక లేదు. 'మె లవాబ' అంటే నేను కడుక్కొనేవాణ్ణి, 'సె లవాబ' అంటే అతడు కడుక్కొనేవాడు. క్రియ పోగొట్టుకొన్న తేడాను సర్వనామం నిలబెట్టింది. సర్వనామాన్ని వదిలేస్తే, ఇంకేదో వస్తువును కడిగినట్లు అర్థం మారిపోతుంది.

ఆరు రూపాలు ఇవి: మె లవాబ, తె లవాబస్, సె లవాబ, నోస్ లవాబమోస్, ఓస్ లవాబయిస్, సె లవాబన్. లాటిన్ అమెరికా దేశాలలో 'ఓస్' రూపం వాడుకలో లేదు. అక్కడ 'మీరందరు' అనడానికి కూడా 'సె లవాబన్' అనే అంటారు.

'ఏర్', 'ఈర్' అంతమందు గల క్రియలలో లాటిన్ 'బ' కూడా లోపించింది. అందుకే 'వెస్తీర్సె' (బట్టలు తొడుక్కొను) అనే క్రియకు 'మె వెస్తీయ' అనే రూపం వచ్చింది. 'ఈర్' (వెళ్ళు) మాత్రం లాటిన్ 'ఈబమ్'లోని 'బ'ను కాపాడుకొంది. 'నేను వెళ్ళిపోయేవాణ్ణి' అనడానికి 'మె ఈబ' అంటారు. వ్యాకరణాలు దీన్ని నియమం తప్పిన రూపంగా చెబుతాయి. చరిత్ర దృష్టితో చూస్తే, ఇది పాత రూపాన్ని నిలుపుకొన్న క్రియ.

సర్వనామం స్థానం కూడా మారింది. మధ్యయుగ స్పానిష్‌లో ఊనిక లేని సర్వనామంతో వాక్యం మొదలయ్యేది కాదు. కనుక వాక్యారంభంలో 'లవావసె' అని క్రియ తరువాతే 'సె'ను చేర్చేవారు. అప్పట్లో ఈ ప్రత్యయంలో 'బ' బదులు 'వ' రాయడం సాధారణం. 1492లో నెబ్రిహా ప్రచురించిన కాస్టిలియన్ వ్యాకరణంలోనూ 'వ' రూపాలే ఉన్నాయి. తరువాతి శతాబ్దాలలో 'సె' క్రియకు ముందు స్థిరపడింది. పాత రచనలలో 'లవాబసె' కనిపిస్తే కొత్త కాలం అనుకోకండి. మీరు రాసేటప్పుడు మాత్రం 'సె లవాబ' అనే రాయాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: ఉత్తమ, ప్రథమ పురుష ఏకవచనాలలో క్రియారూపం ఒక్కటే కావడానికి కారణమేమి? ఆ రెండింటి మధ్య తేడాను ఏది తెలుపుతుంది?