పసివారి కీళ్లవాతము – కాపలా కణముల కథ

కీళ్లవాతము ముసలితనముతో వచ్చునదని లోకుల నమ్మకము. మూడేండ్ల బిడ్డ తెల్లవారి లేచి నేలపై కాలు మోపలేక ఏడ్చినచో, ఎక్కడనో పడియుండునని తల్లిదండ్రులు తలంతురు. ఈ వ్యాధికి వైద్యశాస్త్రములో ప్రత్యేకస్థానము కల్పించినవాడు లండనులోని ఒక యువవైద్యుడు.

జార్జి ఫ్రెడరిక్ స్టిల్ గ్రేట్ ఆర్మండ్ వీధిలోని బాలల ఆసుపత్రిలో పనిచేయుచు, 22 మంది పిల్లల వ్యాధిని వర్ణించుచు 1897లో ఒక వ్యాసము ప్రకటించెను. అప్పటికి ఆతనికి ముప్పది యేండ్లు నిండలేదు. కొందరిలో కీళ్ల వాపుతోబాటు జ్వరమును, శోషరస గ్రంథులును ప్లీహమును ఉబ్బుటయు ఆతడు గమనించెను. ఇది పెద్దలకు వచ్చు వాతము వంటిది కాదని ఆతని అభిప్రాయము. ఆ గ్రంథులు ఏల ఉబ్బినవో చెప్పుటకు ఆనాటి శాస్త్రమునకు శక్తి చాలదు.

రొమ్ముటెముక వెనుకనున్న థైమస్ గ్రంథిని నిరుపయోగమైన అవయవముగా చిరకాలము భావించిరి. 1961లో జాక్స్ మిల్లర్ అప్పుడే పుట్టిన ఎలుకలనుండి దానిని తొలగించి, అవి రోగనిరోధకశక్తిని కోల్పోవుట చూపెను. 1969లో జపానులో నిషిజుకా, సకాకురాలు అదే పనిని పుట్టిన మూడవ దినమున చేయగా ఫలితము వేరుగా నుండెను: ఆడ ఎలుకల అండాశయములు నశించెను. దేహమును కాపాడవలసిన కణములే దేహముపై తిరుగబడినవన్నమాట!

ఆరోగ్యవంతమైన ఎలుక టి-కణములను ఎక్కించినచో ఈ కీడు తప్పునని షిమోన్ సకాగుచి కనుగొనెను. కాని 1980ల నాటికి 'అణచు కణములు' అను మాటయే అపకీర్తి పాలైనది. వాటి అణువునకు మూలమని చెప్పిన జన్యువు చెప్పినచోట కానరాలేదు. పలువురు ఆ మార్గమును విడిచిరి, సకాగుచి విడువలేదు. 1995లో సిడి25 అను ప్రోటీను గుర్తుతో ఆ కణములను వేరుపరచి చూపెను. 2001లో మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్‌లు ఒక జాతి రోగిష్టి ఎలుకలలో ఫాక్స్‌పి3 జన్యులోపమును పట్టిరి. ఈ జన్యువే నియంత్రక కణములను తీర్చునని 2003లో తేలెను. ఈ మువ్వురకు 2025లో నోబెల్ బహుమానము లభించెను.

మరి పసివారి కీళ్లమాట? కాపలా తగ్గుటచేతనే కీలు వాచుననుకొనుట సహజము. 2004లో హాలండులోని యూట్రెక్ట్ పరిశోధకులు పిల్లల వాచిన కీళ్లనుండి తీసిన ద్రవమును పరీక్షించిరి. అందు నియంత్రక కణములు రక్తములో కంటె అధికముగా నుండెను! వ్యాధి కొలది కీళ్లకే పరిమితమై తగ్గుముఖము పట్టు పిల్లలలో, అది వ్యాపించు పిల్లలలో కంటె మరింత ఎక్కువ. కావలివారుండియు ఇల్లు తగులబడుటకు కారణమేమి? 2011లో అదే నగరమునుండి సమాధానము వచ్చెను. లోపము కాపలా కణములది కాదు. కీలులోని దాడికణములే వాటి ఆజ్ఞను లెక్కచేయుట లేదు. పికెబి అను ఎంజైము ఆ కణములలో మితిమీరి పనిచేయుచుండెను. పరీక్షనాళికలో దానిని అణచగా కణములు మరల లొంగినవి.

ఇందొక విచిత్రము కలదు. 16 ఏండ్లలోపు ఆరంభమై, కారణము తెలియక, కనీసము 6 వారములు నిలుచు కీళ్లవాపులన్నిటికి నేడు ఒకే పేరున్నను, లోన పలు రోగములున్నవి. స్టిల్ పేరు నిలిచిన జ్వరపు రకములో ముఖ్యపాత్ర టి-కణములది కాదు. ఇంటర్‌ల్యూకిన్ 1, 6 అను పదార్థములది.

మెథోట్రెక్సేట్ మేలుచేయునని 1992లోను, ఎటనర్సెప్ట్ మేలుచేయునని 2000లోను ప్రచురితమైన పరీక్షలు చూపినవి. ఎందరో పిల్లలు మరల పరుగెత్తుచున్నారు. కాని మందు మానిన పిమ్మట పలువురిలో వాపు తిరిగి వచ్చును. ఏ బిడ్డకు ఎప్పుడు మందు మానవచ్చునో ఆ కణములను చూచి ముందుగా చెప్పుట యెట్లన్నదే పరిశోధకుల ముందున్న పని.