కండకు ఎన్ని గ్రాములు? ఒక పాత లెక్క, ఒక కొత్త రోగి

తాలింఖానాకు వెళ్ళే కుర్రవాడు గుడ్లూ పాలూ ఎక్కువగా తీసుకోవాలనీ, లేకపోతే ఒంటికి కండ పట్టదనీ పెద్దలు అనగా మీరు వినే ఉంటారు. ఎక్కువంటే ఎంత? ఈ ప్రశ్నకు గత నూటయాభై ఏళ్ళలో శాస్త్రజ్ఞులు చెప్పిన జవాబులు ఒకదానితో ఒకటి పొసగవు. ఒకరు రోజుకు 118 గ్రాముల మాంసకృత్తులు కావాలన్నారు. మరొకరు 40 గ్రాములతో గడుపుకొచ్చి, ఇదిగో నేను బాగానే ఉన్నానన్నారు.

ఇదే ప్రశ్న ఇప్పుడు ఢిల్లీలోనూ, పక్కనున్న గురుగ్రామ్, నోయిడాల్లోనూ ఆసుపత్రులలో మళ్ళీ వినిపిస్తోంది. అడుగుతున్నది వస్తాదు కాదు. స్థూలకాయం తగ్గడానికి జీర్ణకోశానికి శస్త్రచికిత్స చేయించుకుని, వైద్యుడి సలహాతో వ్యాయామం మొదలుపెట్టిన రోగి. తొలి వారాల్లో ఒక పూటకు అరకప్పు ఆహారం లోపలికి పోవడమే అతడికి కష్టం. ఆ అరకప్పులో ఏముండాలి? జవాబు కోసం మనం కొంచెం వెనక్కి వెళ్ళాలి.

1842లో జర్మన్ రసాయన శాస్త్రజ్ఞుడు లీబిగ్ ఒక సిద్ధాంతం ప్రకటించాడు. కండరం పనిచేసినప్పుడు తనలోని మాంసకృత్తులనే ఖర్చు పెడుతుందనీ, కనుక కష్టపడే మనిషి ఆ మేరకు మాంసం తిని నష్టం పూడ్చుకోవాలనీ అతని వాదం. వినడానికి సబబుగానే ఉంది కదా! పరీక్షించి చూసినవాళ్ళు జ్యూరిక్‌లోని ఇద్దరు: శరీరధర్మ శాస్త్రజ్ఞుడు ఫిక్, రసాయన శాస్త్రజ్ఞుడు విస్లిసెనస్. 1865లో వీరు మాంసకృత్తులు లేని ఆహారం, అంటే పిండి, కొవ్వు, చక్కెర మాత్రమే తిని, ఆల్ప్స్‌లోని ఫౌల్‌హార్న్ శిఖరం ఎక్కారు. ఎక్కిన ఎత్తు దాదాపు 2 వేల మీటర్లు. దారి పొడవునా మూత్రం సీసాల్లో పట్టి, అందులోని నత్రజనిని కొలిచారు. మాంసకృత్తులు విచ్ఛిన్నమైతే వాటి నత్రజని యూరియాగా మూత్రంలోకి వస్తుంది. కాబట్టి నత్రజనిని కొలిస్తే ఖర్చయిన మాంసకృత్తుల లెక్క తెలుస్తుంది. ఫిక్‌కు బావ అయిన ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు ఫ్రాంక్‌లాండ్ మాంసకృత్తుల దహనశక్తిని కొలిచి, మరుసటి ఏడాది ఈ లెక్క పూర్తి చేశాడు. శరీరాన్ని అంత ఎత్తుకు చేర్చడానికి పట్టిన పనిలో, ఖర్చయిన మాంసకృత్తులు ఇవ్వగలిగేది సుమారు సగమే అని తేలింది. మిగతాది పిండిపదార్థాలు, కొవ్వుల నుంచే వచ్చి ఉండాలి.

మరి కండరంలో చేతికందే ఇంధనం ఏది? దాని జాడ తీసినవారిలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. 1927లో హార్వర్డ్ వైద్య కళాశాలలో ఫిస్క్‌తో కలిసి ఆయన కండరంలో ఫాస్ఫోక్రియాటిన్‌ను కనుగొన్నారు. సుబ్బారావుగారి పేరు మనకు చివర్లో మళ్ళీ తగులుతుంది.

లీబిగ్ సిద్ధాంతం కూలినా దాని నీడ పోలేదు. మ్యూనిక్‌లో వోయిట్, మోస్తరు శ్రమ చేసే మగవాడికి రోజుకు 118 గ్రాముల మాంసకృత్తులు కావాలని రాశాడు. ఆయన చూసింది జర్మన్ పనివాళ్ళు ఏం తింటున్నారని. తినేదంతా కావలసిందే అని ఎలా అంటాం? ఈ అనుమానంతో అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు చిటెండెన్ తన మీదా, సహాధ్యాపకుల మీదా, సైనికుల మీదా, క్రీడాకారులైన విద్యార్థుల మీదా నెలల తరబడి ప్రయోగాలు చేశాడు. 1904లో అచ్చయిన ఆయన పుస్తకం ప్రకారం, వోయిట్ చెప్పినదాంట్లో సగంతో కూడా క్రీడాకారుల బలం తగ్గలేదు, సరికదా పెరిగింది. 40 గ్రాములతో సరిపెట్టుకున్నది చిటెండెనే.

మన దేశంలో ఈ తగాదా ఇంకో రంగు పులుముకుంది. కలకత్తా వైద్య కళాశాల ఆచార్యుడు మెకే జైళ్ళలో ఖైదీల ఆహారాన్ని పరిశీలించి, 1912లో ఒక పుస్తకం రాశాడు. మాంసకృత్తులు చాలకనే బెంగాలీలు దుర్బలులయ్యారన్నది దాని సారాంశం. ఆహారంలో లోపం ఉన్న మాట కొంత నిజమే కావచ్చు. కానీ పేదరికాన్నీ మలేరియానూ పక్కనపెట్టి ఒక జాతి మగతనాన్ని గ్రాముల్లో తూచడం విజ్ఞానం అనిపించుకోదు. నీలగిరులలో కూనూరులో పరిశోధన సాగించిన మెకారిసన్ ఇంతకంటే జాగ్రత్తపరుడు. ఆయన ఎలుకలకు వివిధ ప్రాంతాల భోజనాలు పెట్టి తూచాడు. సిక్కుల భోజనం తిన్న ఎలుకలు సగటున 235 గ్రాములు, మద్రాసు భోజనం తిన్నవి 155 గ్రాములు తూగాయి. మనకు చురుక్కుమనే అంకె! అయితే తేడా మాంసకృత్తులది మాత్రమే కాదు. ఒక పళ్ళెంలో ముడిగోధుమ రొట్టె, పాలు, వెన్న, పచ్చికూరలు ఉన్నాయి. రెండోదాంట్లో బాగా మరపట్టి, కడిగి వార్చిన అన్నం. బెరిబెరి మీద ఏళ్ళ తరబడి పనిచేసిన మెకారిసన్‌కు ఆ అన్నంలో పోయినవేమిటో బాగా తెలుసు.

ఆ కూనూరు ప్రయోగశాలే 1958లో హైదరాబాదుకు తరలి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. దాన్ని నడిపిన డాక్టర్ సి. గోపాలన్ ఈ కథలో కీలక వ్యక్తి. 1960 దశకంలో ప్రపంచమంతా ‘మాంసకృత్తుల కొరత’ మీద కలవరపడుతోంది. 1968లో ఐక్యరాజ్యసమితి, ముంచుకొస్తున్న మాంసకృత్తుల సంక్షోభం గురించి నివేదిక వెలువరించింది. చేప పొడి, వేరుశనగ పిండి, పాలపొడి డబ్బాలతో పేద దేశాలను ఆదుకోవాలన్నారు. గోపాలన్ బృందం హైదరాబాదు చుట్టుపక్కల పిల్లల ఆహారాన్ని కొలిచి వేరే మాట చెప్పింది. అన్నం, జొన్నలు, కాస్త పప్పు ఉన్న ఈ తిండిలో మాంసకృత్తుల పాలు తక్కువేమీ కాదు, తక్కువైంది మొత్తం తిండే. 1973లో ప్రచురించిన ప్రయోగంలో వీరు పల్లె పిల్లలకు రోజూ అదనంగా సుమారు 310 కిలోకెలోరీల ఆహారం పెట్టారు. అందులో మాంసకృత్తులు 3 గ్రాములే. అయినా పిల్లలు ఎదిగారు. మరుసటి ఏడాది మెక్లారెన్ అనే వైద్యుడు ‘లాన్సెట్’ పత్రికలో ఈ మాంసకృత్తుల ఆర్భాటాన్ని ఘోర వైఫల్యంగా వర్ణించాడు.

దీని వెనుక ఉన్న సూత్రం మీరు గుర్తుపెట్టుకోవాలి, ముందు పనికొస్తుంది. శరీరానికి మొదట కావలసింది శక్తి. పొయ్యిలోకి కట్టెలు లేకపోతే ఇంటి వాసాలు పీకి మంట పెడతాం కదా, శరీరమూ అంతే. శక్తి చాలనప్పుడు తిన్న మాంసకృత్తులను ఇంధనంగా కాల్చేస్తుంది. కావలసినంత శక్తినిస్తే అవే మాంసకృత్తులు కండరానికీ రక్తానికీ మిగులుతాయి.

గోపాలన్ 1974లో భారత వైద్య పరిశోధనా మండలి డైరెక్టర్ జనరల్‌గా ఢిల్లీ వెళ్ళారు. అప్పటికే అక్కడ కూనూరులో ఆయన సహచరుడు, శ్రీకాకుళంలో పుట్టి విశాఖపట్నంలో వైద్యం చదివిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి, అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థకు డైరెక్టర్‌గా ఉన్నారు. 1960 దశకంలో ఆయనా, ఎం.జి. దేవ్ కలిసి కోతులలో మాంసకృత్తుల లోపం కల్పించి, చిన్నపేగు ఏమవుతుందో, బి12 విటమిన్ ఎలా ఇంకుతుందో పరిశీలించారు. ఆకలి రోగుల కోసం చేసిన ఈ పని స్థూలకాయుల విషయంలో ఆలోచనకు పనికొస్తుందని అప్పుడు ఎవరూ అనుకుని ఉండరు. గోపాలన్ 1980లో ఢిల్లీలోనే న్యూట్రిషన్ ఫౌండేషన్ ఆఫ్ ఇండియాను స్థాపించి, 1990 దశకం చివరికి నగర మధ్యతరగతిలో పెరుగుతున్న స్థూలకాయం గురించి హెచ్చరికలు రాయవలసి వచ్చింది. 2009లో మన నిపుణులు భారతీయులకు ప్రత్యేక కొలమానం ఒకటి ప్రకటించారు. బరువును కిలోగ్రాముల్లో తీసుకుని, ఎత్తు మీటర్ల వర్గంతో భాగిస్తే వచ్చే అంకె 25 దాటితే మనకు స్థూలకాయమే. పాశ్చాత్యులకు అది 30. ఒకే బరువు దగ్గర మనకు కొవ్వు ఎక్కువ, కండ తక్కువ. ఈ ‘కండ తక్కువ’ అన్న మాట దగ్గరే మన రోగి కష్టం మొదలవుతుంది.

శస్త్రచికిత్స చరిత్ర క్లుప్తంగా చెప్పుకుందాం. 1954లో అమెరికాలో క్రెమెన్, లినర్ మొదలైనవారు చిన్నపేగులో అధికభాగాన్ని పక్కదారి పట్టించే పద్ధతిని వివరించారు. బరువు తగ్గింది. కానీ చాలామందికి విరేచనాలు, కాలేయ వ్యాధి, మాంసకృత్తుల లోపం వచ్చి, ఆ పద్ధతిని వదిలేయవలసి వచ్చింది. 1966లో అయోవాలో ఎడ్వర్డ్ మేసన్ జీర్ణకోశాన్ని చిన్న సంచిగా చేసి, దాన్ని పేగుకు కలిపే బైపాస్ ప్రారంభించాడు. ఇప్పుడు ఎక్కువగా చేసేవి దాని సవరించిన రూపమూ, జీర్ణకోశాన్ని సన్నని గొట్టంలా కత్తిరించే పద్ధతీ.

ఇప్పుడు గోపాలన్ సూత్రాన్ని ఈ రోగికి వర్తింపజేయండి. పల్లె పిల్లవాడికి శక్తినిస్తే సరిపోయింది. ఈ రోగికి శక్తినివ్వకూడదు. ఇవ్వకపోవడమే చికిత్స! అతడి ఒంట్లో కొవ్వు నిల్వ ఉంది నిజమే, శరీరం దాన్ని కాలుస్తుంది. కానీ మెదడు, ఎర్ర రక్తకణాలు గ్లూకోజు అడుగుతాయి. కొవ్వు ఆమ్లాల నుంచి శరీరం గ్లూకోజు చేసుకోలేదు, అమైనో ఆమ్లాల నుంచి చేసుకోగలదు. అంటే వాసాలు పీకుడు మొదలవుతుంది. మొదటి ఏడాది తగ్గిన బరువులో సుమారు ఐదోవంతు కొవ్వు కాని కణజాలమే. అందుకే సాధారణ ఆరోగ్యవంతుడికి 2020లో మన దేశం నిర్ణయించిన, కిలో బరువుకు 0.83 గ్రాముల లెక్క ఇక్కడ చాలదు. రోజుకు కనీసం 60 గ్రాములు, ఎత్తుకు తగిన ఆదర్శ బరువులో కిలోకు 1 నుంచి 1.5 గ్రాముల దాకా తీసుకోమని నిపుణులు చెబుతారు. మూత్రపిండాల జబ్బు ఉంటే లెక్క వేరు, అది వైద్యుడే వేయాలి.

తిన్నంత మాత్రాన కండ నిలవదు. పని చెప్పని కండరాన్ని శరీరం నిలబెట్టుకోదు. కాబట్టి లేచి తిరగగలిగిన నాటి నుంచే నడక, గాయాలు మానాక వైద్యుడి అనుమతితో బరువులు ఎత్తడం. ఫిక్, విస్లిసెనస్‌ల కొండ ఇక్కడ గుర్తుకు తెచ్చుకోండి. వ్యాయామానికి ఇంధనం రోగి కొవ్వు నుంచీ, పిండిపదార్థాల నుంచీ వస్తుంది. మాంసకృత్తులు మరమ్మతుకు. రెండూ కలగలిపి, బరువులెత్తే రోజున డబ్బాల కొద్దీ పొడి తాగితే కండ రెట్టింపవుతుందనుకోవడం లీబిగ్ కాలపు పొరపాటే.

60 గ్రాములు చిన్న అంకెలా కనిపిస్తుంది. మన పప్పన్నంతో చేరుకోవడానికి ప్రయత్నించండి. కందిపప్పు 100 గ్రాములలో మాంసకృత్తులు 22 గ్రాములు, కానీ మన గరిటె జారుడు పప్పులో ఎక్కువభాగం నీళ్ళే. అన్నం సంచిని నింపేస్తుంది, ఇచ్చేది తక్కువ. రోజు మొత్తంలో రెండు గుడ్లు 12 గ్రాములు, 400 మిల్లీలీటర్ల పాలు 13, పనీరు 100 గ్రాములకు 18, పచ్చి తూకంలో 60 గ్రాముల పప్పును గట్టిగా వండితే 13, ఒక కప్పు పెరుగు 4 లేక 5. ఇంతా కలిపితే 60. ఇది ఆరేడు సార్లు చిన్న మోతాదుల్లో, మాంసకృత్తులున్నది ముందుగా తింటేనే సాధ్యం. గుడ్డు ముట్టని ఇళ్ళలో పనీరు, సోయా, పాలవిరుగుడు తేటతో చేసిన పొడి ఆ లోటు పూడ్చాలి. మామూలు మనిషికి అనవసరమైన ఆ పొడి ఇక్కడ సమర్థనీయమే.

గ్రాములు సరిపోయినా మిల్లీగ్రాములు మిగిలే ఉన్నాయి. బైపాస్‌లో ఆహారం ఆంత్రమూలాన్ని తప్పించుకు పోతుంది, ఇనుమూ కాల్షియమూ ఎక్కువగా ఇంకేది అక్కడే. బి12 ఇంకడానికి జీర్ణకోశం స్రవించే ప్రత్యేక పదార్థం తగ్గిపోతుంది. శాకాహారికి ఆ విటమిన్ మొదటినుంచే అంతంతమాత్రం. వాంతులు పట్టుకుంటే మరీ ప్రమాదం. శరీరంలో థయమిన్ నిల్వ రెండు మూడు వారాలకు మించదు. వాంతులతో అది అడుగంటితే కాళ్ళు తిమ్మిరెక్కడం, చూపు తేలిపోవడం, తడబాటు మొదలవుతాయి. మెకారిసన్ అధ్యయనం చేసిన బెరిబెరి ఇదే, ఖరీదైన గదిలో పడుకున్న రోగిలో. అటువంటప్పుడు గ్లూకోజు సీసా ఎక్కించడానికి ముందే థయమిన్ ఇవ్వాలి. ఆపైన జీవితాంతం విటమిన్, ఖనిజ లవణాల మాత్రలు, నియమిత కాలానికి రక్త పరీక్షలు తప్పవు. ఆ మాత్రలలో ఉండే ఫోలిక్ ఆమ్లాన్ని 1945లో లెడర్లీ ప్రయోగశాలలో కృత్రిమంగా తయారుచేసిన బృందానికి నాయకుడు యల్లాప్రగడ సుబ్బారావే.