కోనసీమలో బైబిలు పఠనం – సామాజిక మార్పు

పవిత్ర గ్రంథాన్ని ఎవరు చదవవచ్చు? కోనసీమ క్రైస్తవ చరిత్రకు ఈ ప్రశ్నే కీలకం. తెలుగు కొత్త నిబంధన 1818లో ముద్రితమైంది. 1836లో ఇంగ్లండు నుండి వచ్చిన విలియం బౌడెన్, జార్జ్ బీర్‌ల గోదావరి డెల్టా మిషను నరసాపురం నుండి అమలాపురం ప్రాంతానికి విస్తరించింది. వేదాధ్యయనానికి దూరంగా ఉంచబడిన మాల, మాదిగ కుటుంబాలకు బైబిలు ప్రార్థనతోపాటు అక్షరాన్నీ అందించింది.

అయితే 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులైన దళితులకు షెడ్యూల్డ్ కులాల హోదా లేదు. ఆంధ్రప్రదేశ్‌లో వారు బి.సి. ‘సి’ వర్గంలోకి వస్తారు. కాబట్టి విశ్వాసాన్ని బహిరంగంగా ప్రకటించడం చదువు, ఉద్యోగాలతో ముడిపడిన నిర్ణయం కూడా.

బైబిలు దైవవాక్యమా కాదా అన్నది చరిత్ర తేల్చదు. చదివినవారు ఏమి పొందారో, ఏమి కోల్పోయారో పరిశీలిస్తుంది. విశ్వాసులూ, విశ్వాసం లేనివారూ కలిసి చర్చించగల అంశం అదే.