తీవ్రంగా జబ్బుపడిన ఖైదీల ములాఖత్

జైల్లో ఉన్నవారిని అయినవాళ్లు వచ్చి కలుసుకోవడాన్ని ములాఖత్ అంటారు. ఖైదీ మంచం పట్టినప్పుడు కుటుంబం అతణ్ణి చూడగలగడం చట్టంలో ఒక రకంగా, ఆసుపత్రి వార్డు గుమ్మం దగ్గర ఇంకో రకంగా ఉంటుంది.

ఉదాహరణకు అనంతపురం జిల్లా జైలు బుక్కరాయసముద్రం మండలం రెడ్డిపల్లిలో ఉంది. జైలు వైద్యానికి లొంగని జబ్బయితే ఖైదీని ఎస్కార్ట్‌తో బయటి పెద్దాసుపత్రికి పంపాలి. మడకశిర నుంచో రాయదుర్గం నుంచో వచ్చే కుటుంబానికి ఒక్క ములాఖత్ అంటే ఒక రోజు కూలి, పైన బస్సు చార్జీలు. వానలు మొహం చాటేసిన ఏడు ఇంటిల్లిపాదీ బెంగళూరుకు వలస పోయి ఉంటే కబురు అందడమే గగనం. కరోనా కాలంలో విస్తరించిన ఈ-ములాఖత్, అంటే వీడియోలో మాట్లాడుకోవడం, ఈ దూరాన్ని కొంత తగ్గించింది. స్పృహ తప్పినవాడికి మాత్రం అది ఎందుకూ పనికిరాదు.

1894 నాటి జైళ్ల చట్టంలో ఎనిమిదో అధ్యాయం ఖైదీల ఆరోగ్యం గురించి, తొమ్మిదోది ములాఖత్‌ల గురించి. ఇరుగూపొరుగూ అయినా ఒకదాన్నొకటి పలకరించుకోవు. ములాఖత్ గురించిన 40వ సెక్షన్ చెప్పేది సివిల్ ఖైదీలు, విచారణ ఖైదీల సంగతే. మిగతాది రాష్ట్రాల నియమాలకు వదిలేశారు. ఆంధ్రప్రదేశ్‌లో అవి 1979 నాటివి. కేంద్రం 2016లో తెచ్చిన నమూనా జైలు మాన్యువల్ ప్రకారం ఖైదీకి జబ్బు తీవ్రమైతే సూపరింటెండెంట్ జైలు ఆసుపత్రిలోనే ములాఖత్‌కు అనుమతి ఇవ్వవచ్చు. 'ఇవ్వాలి' అని కాదు, 'ఇవ్వవచ్చు' అని. చిక్కంతా ఆ 'వచ్చు'లోనే ఉంది.

కోర్టులు ఇంకొంచెం ముందుకు వెళ్లాయి. కుటుంబాన్ని, మిత్రులను కలుసుకోవడం రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమేనని 1981లో ఫ్రాన్సిస్ కోరలీ ములిన్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

తెలుగువారికి బాగా తెలిసిన ఉదాహరణ విప్లవ కవి వరవరరావుది. భీమా కోరేగావ్ కేసులో 2018లో అరెస్టయిన ఆయన మహారాష్ట్ర జైళ్లలో ఉండగా 2020లో ఆరోగ్యం దెబ్బతింది, జులైలో కరోనా సోకింది. ఆ నవంబరులో బొంబాయి హైకోర్టు ఆయనను 15 రోజులపాటు నానావతి ఆసుపత్రికి మార్చమంది. ఆసుపత్రి నిబంధనలకు లోబడి కుటుంబం చూడవచ్చని కూడా ఆ ఉత్తర్వులోనే చేర్చింది. ఎనభై ఏళ్ల మనిషిని భార్యాబిడ్డలు చూడటానికి హైకోర్టు కలం కదలాల్సి వచ్చిందన్నమాట. 2021 ఫిబ్రవరి 22న ఆరు నెలల బెయిలు వచ్చింది, 2022 ఆగస్టు 10న సుప్రీంకోర్టు వైద్య కారణాలపై శాశ్వత బెయిలిచ్చింది.

ఐక్యరాజ్యసమితి 2015లో ఆమోదించిన మండేలా నియమాల్లో 69వది ఖైదీ జబ్బు తీవ్రమైనా, ఆసుపత్రికి మార్చినా, అతను పేర్కొన్న వారికి తెలియజేయాలంటుంది. 70వది దీనికి తిరగేసిన రూపం: చావుబతుకుల్లో ఉన్న దగ్గరి బంధువును చూసేందుకు, పరిస్థితులు అనుమతిస్తే, ఖైదీని పంపాలి. కానీ అప్పట్లో నాగపూర్ జైల్లో ఉన్న, అమలాపురంలో పుట్టిన ఢిల్లీ విశ్వవిద్యాలయ అధ్యాపకుడు జి.ఎన్. సాయిబాబా క్యాన్సర్‌తో ఉన్న తల్లిని చూడటానికి పెరోల్ అడిగారు, ఇవ్వలేదు. ఆమె 2020 ఆగస్టు 1న చనిపోయారు. 2024 మార్చిలో బొంబాయి హైకోర్టు సాయిబాబాను నిర్దోషిగా విడుదల చేసింది.