అడుగు కలపకూడదు

మా తాత సాలూరు దగ్గర పల్లకీ బోయీ. నాకు ఊహ తెలిసేసరికి పల్లకీలు పోయాయి గానీ ఆయన భుజం మీద కాయ పోలేదు. కుడి భుజం ఎముక మీద నిమ్మకాయంత గట్టిగా ఉండేది. ఊళ్లో ఎవరికైనా జబ్బు ముదిరితే నులక మంచానికి వెదురు బొంగులు కట్టి పెద్దాసుపత్రికి మోసేవాళ్లు. ముందుగా కబురు వెళ్లేది తాతకే. నాకు పన్నెండేళ్లప్పుడు ఒకసారి మనిషి తక్కువైతే నేనూ ఒక కొస పట్టాను. నాలుగడుగులు వేయకముందే తాత కేకేశాడు: "ఒరే, అడుగు కలపకూడదు. కలిపితే మంచం ఊగుతాది. ముందోడు ఎడమకాలేస్తే ఎనకోడు కుడికాలెయ్యాల."

చాలా ఏళ్ల తర్వాత 108 అంబులెన్సు సేవలో ఈఎంటీగా (అత్యవసర వైద్య సహాయకుడిగా) చేరినప్పుడు ప్రథమ చికిత్స పుస్తకంలో స్ట్రెచర్ మోసే పద్ధతి చదివాను. అక్షరం పొల్లుపోకుండా తాత మాటే. దారి చదునుగా ఉంటే రోగి కాళ్లు ముందుకు, ఎత్తు ఎక్కేటప్పుడు తల ముందుకు ఉండాలన్నదీ ఆయన చెప్పిందే. చదువు రాని బోయీల దగ్గర ఉన్న ఈ విద్యకు మన చరిత్ర పుస్తకాల్లో చోటు దొరకకపోవడం నాకు బాధగా ఉంటుంది. పల్లకీల కాలపు ఇంగ్లీషువాళ్లు మాత్రం బోయీలను గమనించారు. 1886లో వచ్చిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు, పల్లకీ మోసేవాళ్లను 'బాయ్' అని పిలవడానికి మూలం మన 'బోయి' అనే మాటేనని రాసింది. తెల్లవాళ్ల సైన్యాలు ఈ దేశంలో ఎక్కడ యుద్ధం చేసినా గాయపడ్డవాళ్లను మోసింది డోలీలు, డోలీ కూలీలే.

యూరప్‌లో ఈ పని బండెక్కింది 1792లో. నెపోలియన్ దగ్గర తర్వాత పెద్ద వైద్యుడైన లారీ అప్పుడు రైన్ సైన్యంలో ఉన్నాడు. యుద్ధం ముగిసేదాకా గాయపడ్డవాళ్లు పడ్డచోటే పడి ఉండటం చూడలేక, స్ప్రింగుల మీద పెట్టె అమర్చిన గుర్రబ్బళ్లను పోరు సాగుతుండగానే పంపించాడు. మైదానానికి రెండు చక్రాల బండి, కొండదారికి నాలుగు చక్రాలది. దారిని బట్టి బండి, గాయాన్ని బట్టి వరస. సేనాపతి అయినా సిపాయి అయినా ప్రాణం మీదికి వచ్చినవాడినే ముందు ఎక్కించాలన్నాడు. ఈరోజు నేను నాలుగు వాహనాలు ఢీకొన్నచోట దిగి చేసే మొదటి పని కూడా అదే.

బండ్లు వచ్చినా భుజాల పని పోలేదు. 1899 డిసెంబరులో దక్షిణాఫ్రికాలో బోయర్ యుద్ధం నడుస్తుండగా గాంధీ గారు దాదాపు 1100 మంది భారతీయులతో అంబులెన్సు దళం కట్టారు. అందులో ఎక్కువమంది చెరకు తోటల ఒప్పంద కూలీలు. 1860 నుంచి మద్రాసులో ఓడెక్కి నాటాల్ వెళ్లిన అలాంటి కూలీల్లో తమిళులతోపాటు తెలుగువాళ్లూ ఉన్నారు. కొలెన్సో దగ్గర, స్పియన్ కాప్ దగ్గర ఆ దళం గాయపడ్డ సైనికులను స్ట్రెచర్ల మీద మోసింది. కొన్ని రోజులు ఇరవై, పాతిక మైళ్లు నడిచారు. ఆ భుజాల మీద కాయలు ఎవరు తడిమి చూశారో!

బండి మారినా చాలాకాలం పని ఒకటే: మనిషిని ఆసుపత్రి గుమ్మం దాకా చేర్చడం. దారిలో వైద్యం ఉండేది కాదు. మా చిన్నప్పుడు ఎడ్లబండి, జట్కా, ఆర్టీసీ బస్సు వెనక సీటు, అదృష్టం ఉంటే ఆసుపత్రి జీపు. ఆలోచన మారింది 1966లో, బెల్‌ఫాస్ట్‌లో. గుండెపోటు వచ్చినవాళ్లు ఆసుపత్రికి చేరకముందే పోతున్నారని గ్రహించిన ప్యాంట్రిడ్జ్ అనే డాక్టరు, గుండెకు షాకిచ్చే డీఫిబ్రిలేటరును, కారు బ్యాటరీలతో నడిచేదాన్ని, ఒక పాత అంబులెన్సులో ఎక్కించాడు. దాని బరువు 70 కిలోలు. వైద్యమే రోగి దగ్గరికి వెళ్లింది. మన దగ్గర ఆ పని 2005 ఆగస్టు 15న 108తో మొదలైంది. డ్రైవర్‌ను పైలట్ అనడం మాకు అప్పటి నుంచే అలవాటు.

ఇప్పుడు బండ్లకు స్థాయిలున్నాయి. కేంద్రం ఏఐఎస్-125 ప్రమాణంలో నాలుగు రకాలు చెప్పింది. 'ఏ' రకం ముందుగా చేరుకుని ప్రథమ చికిత్స చేసేది. బీ రకం నిలకడగా ఉన్న రోగిని తీసుకెళ్లేది. డయాలసిస్‌కి వెళ్లొచ్చే పెద్దాయనకు ఇది చాలు. సీ రకం బీఎల్‌ఎస్, అంటే బేసిక్ లైఫ్ సపోర్ట్: ఆక్సిజన్, సక్షన్, స్పైన్ బోర్డు, కాన్పు కిట్టు. డీ రకం ఏఎల్‌ఎస్, అంటే అడ్వాన్స్‌డ్ లైఫ్ సపోర్ట్: వీటికి తోడు వెంటిలేటర్, మానిటర్, డీఫిబ్రిలేటర్. లక్ష మందికి ఒక బీఎల్‌ఎస్, ఐదు లక్షల మందికి ఒక ఏఎల్‌ఎస్ ఉండాలన్నది జాతీయ ఆరోగ్య మిషన్ లెక్క. 2020 జులై 1న విజయవాడ బెంజి సర్కిల్ నుంచి కదిలిన 412 కొత్త 108 వాహనాల్లో 282 బీఎల్‌ఎస్, 104 ఏఎల్‌ఎస్, 26 పసిబిడ్డలవి. పసిబిడ్డల బండి అంటే ఇంకుబేటర్ ఉన్నది. కిలోన్నర బిడ్డను తువ్వాల్లో చుట్టి, దారిపొడవునా తల్లి గుండెకు అదుముకోమని చెప్పి పంపిన రోజులు చూసినవాణ్ని, ఆ 26 బండ్ల విలువ నాకు తెలుసు.

ఈ అక్షరాలు సిబ్బందికే తెలిస్తే చాలదు, ఇంట్లోవాళ్లకూ తెలియాలి. మా మేనమామకు పక్షవాతం వచ్చినప్పుడు సెలవులో ఉన్నాను. పార్వతీపురం నుంచి విశాఖ తీసుకెళ్లమన్నారు. దొరికిన ప్రైవేటు బండి మీద ఎర్ర అక్షరాలతో 'ఐసీయూ' అని ఉంది. లోపల వెంటిలేటర్ ఉంది, దాన్ని నడిపే మనిషి లేడు. ఉన్న ఒక్క సిలిండరు బి-టైపుది. నిండుగా ఉంటే అందులో 1500 లీటర్లు పడుతుంది. నిమిషానికి పది లీటర్లు పెడితే రెండున్నర గంటలు. మా దారి మూడు గంటల పైనే. విజయనగరంలో ఆపి ఇంకో సిలిండరు ఎక్కించాకే కదలనిచ్చాను. మామయ్య తలవైపు మోకాళ్ల మీద కూర్చుని, చేత్తో ఊపిరి అందించే అంబూ బ్యాగు నొక్కుతూ వెళ్లాను. నిమిషానికి పది, పన్నెండు సార్లు. ఒక నొక్కు, మనసులో ఐదు అంకెలు, మళ్లీ నొక్కు. తొందరపడితే గాలి పొట్టలోకి పోతుంది, ఆలస్యమైతే పెదాలు నల్లబడతాయి. రెండువేల నొక్కులు దాటి ఉంటాయి. విశాఖ కేజీహెచ్ ఆసుపత్రి గేటు దగ్గర నా వేళ్లు విప్పుకోలేదు, అత్త విప్పదీసింది. మామయ్య బతికాడు. అందుకే చెబుతున్నాను: బండి ఎక్కించే ముందు పక్కన రాసింది చదవకండి. లోపల ఎవరు కూర్చుంటారు, సిలిండరు మీటరు ముల్లు ఎక్కడుంది, మానిటర్‌లో వెలుగు వస్తోందా అని అడగండి. అడగడం మీ హక్కు.

ఈ నాలుగు అక్షరాల్లో దేనికీ అందని దారి మా కొండల మీద ఇంకా ఉంది. మోటారు సైకిలుకు పక్కన పడక అమర్చిన ఫీడర్ అంబులెన్సులు వచ్చాయి. నెలలు నిండకముందే గిరిశిఖర గ్రామాల గర్భిణులను తెచ్చి ఉంచే వసతి గృహం సాలూరులో పెట్టారు. ఎన్నో ప్రాణాలు నిలిచాయి. అయినా వానాకాలంలో గెడ్డ పొంగితే బైకు దాటదు. అప్పుడు మళ్లీ డోలీయే.

మొన్న ఆషాఢంలో రాత్రి ఒంటిగంటకు కేసు వచ్చింది. తారు రోడ్డు ఆగినచోట బండి ఆపి, నేనూ పైలటూ టార్చిలైట్లతో ఎదురు నడిచాం. నలుగురు దిగుతున్నారు. రెండు దుప్పట్లు కలిపి కట్టిన డోలీలో ఇరవై ఏళ్ల అమ్మాయి, తొలిచూలు. వెనక కొస మోస్తున్న కుర్రాడి కాళ్లు బురదలో తడబడుతున్నాయి. నేను వెళ్లి ఆ కొస అందుకున్నాను. ముందున్న ముసలాయన వెనక్కి చూడకుండానే అన్నాడు: "బాబూ, అడుగు కలపకు."

కాన్పు మక్కువ ఊరు దాటాక బండిలోనే అయింది. ఆడపిల్ల. బొడ్డుకు క్లాంపు పెట్టి, తుడిచి, తల్లి రొమ్ము మీద పడుకోబెట్టాను. బయల్దేరే ముందు ఆ నలుగురూ డోలీ విప్పి, ఒక దుప్పటి అమ్మాయికి కప్పి, రెండోది మడిచి సంకన పెట్టుకున్నారు. వెదురు బొంగును మాత్రం జాగ్రత్తగా భుజానికెత్తుకుని కొండవైపు తిరిగారు.